మన గుమ్మానికి మన తోరణం

పిల్లలూ! అమెరికాలో కొందరు క్రిస్మస్‌కు గ్యారేజీ తలుపు మీద ఎల్‌ఈడీ దీపాలు అమర్చి, ప్రోగ్రాం రాసి ఆడిస్తారు. దీపావళికి మన క్వార్టర్ గుమ్మం చాలదా?

బజారులో కొన్న తోరణం ఎవరో నేర్పిన ఆటే ఆడుతుంది. డబ్ల్యూఎస్2812బి పట్టీలో దీపానికొక చిప్పు ఉంటుంది. బంతిలో విస్తరాకుల కట్ట అందుకుని, ఒకటి తీసుకుని మిగతావి పక్కవారికిచ్చినట్టు, ఆర్డుయినో పంపే సమాచారంలో ప్రతి దీపం తన 24 బిట్లు ఉంచుకుని మిగతాది ముందుకు పంపుతుంది. 50 దీపాలు నిండు తెలుపుతో వెలగాలంటే 5 వోల్టుల వద్ద సుమారు 3 ఆంపియర్లు కావాలి. సరఫరా పెద్దలతో పెట్టించండి.

మనవి బదిలీల బతుకులు. కొత్త గుమ్మం చిన్నదైతే ప్రోగ్రాంలో దీపాల సంఖ్య మారిస్తే సరి. గోడలు, స్నేహితులు ఆ ఊళ్లోనే ఉండిపోయినా మీ తోరణం మీతో వస్తుంది. అందుకే ఈ పండక్కి కొనడం కన్నా చేయడమే మేలంటాను.