ఆర్కిడ్‌కు కత్తెర ఎప్పుడు?

ఢిల్లీలోని మునిర్కా ఫ్లాట్ల బాల్కనీలలో శీతకాలం చివర ఆర్కిడ్ కుండీలు కనుల పండువుగా కనిపిస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి పువ్వులు రాలి, బోసిపోయిన కాడ ఒక్కటే మిగులుతుంది. మొక్క చచ్చినదని కొందరు పారవేస్తారు. మరికొందరు గులాబీని కత్తిరించినట్లు కత్తెరకు పని చెబుతారు. రెండూ పొరపాట్లే.

గులాబీని కొట్టివేస్తే కొత్త కొమ్మలు చిగురిస్తాయి. ఆర్కిడ్ స్వభావం వేరు. నీటినీ ఆహారాన్నీ అది ఆకులలో, కాండాలలో, వేళ్లలో దాచుకుంటుంది. పచ్చని భాగాన్ని కోయడమంటే దాని గాదెను కొల్లగొట్టడమే. ఎండినది, కుళ్లినది మాత్రమే తీయాలన్నది మొదటి సూత్రం.

ఈ సూత్రానికి పూలకాడ ఒక్కటే మినహాయింపు. అంగళ్లలో విరివిగా దొరికే ఫెలనాప్సిస్‌కు కాడ పసుపు రంగుకు తిరిగితే, మొదట అంగుళం మాత్రం ఉంచి కోయాలి. కాడ పచ్చగా, మొక్క బలంగా ఉంటే, కింది నుంచి రెండవ లేక మూడవ కణుపుకు అర అంగుళం పైన కత్తిరించవచ్చు. రెండు మూడు నెలలలో ఆ కణుపు మరల పూయవచ్చు. ఆకులు వడలిన మొక్కకు ఈ శ్రమ తగదు. మే, జూన్ నెలల వడగాడ్పులు ముందున్నందున, దాని కాడను మొదటికి తీసివేసి, కుండీని నీడకు చేర్చడమే మేలు.

డెండ్రోబియంకు వాడిన పూలకాడను మాత్రమే తీయాలి. ఆకులు రాలిన గడలు మోడులవలె కనిపించినా, గట్టిగా ఉన్నంతవరకు వాటిలో జీవమున్నట్లే. కొన్ని రకాలు ఆ పాత గడలపైనే పూస్తాయి.

కుండీ వెలుపలికి వేలాడే వెండిరంగు వేళ్లను అసలే తాకరాదు. ఈ జాతులలో అనేకం అడవిలో చెట్లపై పెరుగుతాయి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో అటువంటి వాండా ఆర్కిడ్‌ను చిత్రసహితంగా వర్ణించాడు. అది బదనికవలె చెట్టు రసాన్ని పీల్చదు. వానను, మంచును ఆ వేళ్లతోనే గ్రహిస్తుంది. మెత్తబడి, లోపల గుల్లయిన వేళ్లను మాత్రం కుండీ మార్చేటప్పుడు కత్తిరించాలి. ఢిల్లీలో అందుకు గాలిలో తేమ పెరిగే జూలై అనుకూలం.

ఒక మొక్కను కోసిన కత్తెరతో మరొకదానిని కోయరాదు. సింబిడియం మొజాయిక్ వైరస్ ఆ విధంగానే వ్యాపిస్తుంది. దానికి మందు లేదు. ప్రతిసారీ కత్తెర అంచును స్టవ్ మంటపై కాల్చి, చల్లారనివ్వాలి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దితే బూజు పట్టదు. ఆ పొడి వేళ్లను ఎండబెడుతుంది కనుక వాటికి తగలనీయరాదు.

అక్టోబరు, నవంబరు నెలలలో రాత్రులు చల్లబడినప్పుడు ఫెలనాప్సిస్ ఆకుల నడుమ నుంచి కొత్త కాడ తొంగిచూస్తుంది. ఏప్రిల్‌లో పారవేయకుండా కాపాడిన వారికే ఆ సంతోషం దక్కుతుంది.