రెండోసారి వేసిన చెయ్యి



ఈ వారం ఒక తప్పు ఒప్పుకోవాలని కూర్చున్నాం. తాగుడు మానేసేవారి విషయంలో మన సంఘం, అందరికంటే ముందు మేము, ఒక పొరపాటు చేస్తూ వచ్చాం. మానేసిన రోజును పండగ చేసుకుంటాం. మర్నాటి నుంచి ఆ మనిషిని ఒంటరిగా వదిలేస్తాం.

కొన్నేళ్ల కిందటి సంగతి. పొద్దున్నుంచే తాగే ఒక సహోదరుడు ఆదివారం కూడికలో మోకరించి "ఇక ముట్టనండి అయ్యగారూ" అని ఏడ్చాడు. తలమీద చేతులుంచి ప్రార్థించాం. ఉపవాసం ఉండమన్నాం. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమన్నాం. మూడో రోజు రాత్రి వాళ్లావిడ ఫోను. ఒళ్లంతా వణుకు, గోడలతో మాటలు, ఆపైన ఫిట్సు. కొందరు దయ్యం అన్నారు. బోడసకుర్రు వంతెన దాటించి అమలాపురం తీసుకెళ్తే డాక్టరుగారు మమ్మల్నే మందలించారు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఇలా కావచ్చట, ప్రాణం మీదికి కూడా రావచ్చట. మందులిచ్చి, దగ్గరుండి మాన్పించాలట. దేవుని కృపవల్ల అతను బతికాడు. లేకపోతే మా తెలియనితనానికి బలయ్యేవాడే.

ఆ తర్వాత లివరు గురించి తెలుసుకున్నాం. వంటింట్లో మేక కార్జం అంటామే, మనలో అదే కుడి డొక్క లోపల కిలోన్నర దాకా బరువుంటుంది. దేవుడు దాన్ని వింతగా చేశాడు. దాత దగ్గర సగానికి పైగా కోసి మరొకరికి అమర్చినా, కొన్ని నెలల్లో దాదాపు మునుపటంత పెరుగుతుంది. కానీ దాని కష్టం అది చెప్పుకోదు. చాలామందికి కళ్లు పచ్చబడేదాకా, పొట్టకు నీరు పట్టేదాకా తెలియదు.

వైనతేయ ఒడ్డున ఉన్నవాళ్లం, గోదావరి సంగతిగా చెప్పుకుంటే మనకు తేలిక. తాగుడు వల్ల మొదట లివరుకు కొవ్వు పడుతుంది. ఇది ఇంట్లోకొచ్చిన వరద నీరు. 2022 జూలైలో లంక ఊళ్లు మునిగినప్పుడు చూశాం కదా, నీరు తీశాక బురద కడుక్కుంటే ఇల్లు మళ్లీ ఇల్లయింది. అలాగే పూర్తిగా మానేస్తే ఆ కొవ్వు కొన్ని వారాల్లోనే చాలావరకు తగ్గుతుంది. తర్వాతది వాపు. అది ముదిరి కామెర్లయితే ఆసుపత్రిలో చేరాల్సిందే. పసరు మందుతో వారాలు పోగొట్టుకోకండి. చివరిది సిర్రోసిస్, అంటే మచ్చలు కట్టి లివరు గట్టిపడటం. అది లంక భూమి కోత లాంటిది. ఏట్లో కలిసిన నేల తిరిగి రాదు, గట్టు కాపాడుకుంటే మిగిలిన తోట దక్కుతుంది. సిర్రోసిస్ వచ్చాక మానేసినవారు కూడా మాననివారికంటే ఎక్కువ కాలం బతుకుతారు. "ఎలాగూ పోయిందిలే" అని మళ్లీ సీసా పట్టుకునేవారికి ఈ మాట చెప్పండి.

ఇంకో ఉచ్చు ఉంది. మూడు నెలలు మానేసి, రక్తపరీక్ష నార్మల్ వచ్చిందన్న సంతోషంలోనే మళ్లీ తాగినవారు మనలో ఉన్నారు. పరీక్ష బాగున్నంత మాత్రాన లోపల మచ్చ లేదని కాదు. తీరిన అప్పును చూసి కొత్త అప్పు చేస్తామా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కచెల్లెళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింది. ఆ తల్లుల పోరాటం గొప్పది. కానీ దుకాణం మూయించడం ఒక పని, మానేసినవాణ్ణి నిలబెట్టడం మరో పని. మొదటిది ప్రభుత్వం చేసినా చేయకపోయినా రెండోది మనదే.

"డాక్టరు దగ్గరకు పంపితే ప్రార్థనకు శక్తి లేదన్నట్టు కాదా?" అని పెద్దలొకరు అడిగారు. మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాణ్ణి గుర్తు చేసుకోండి. ప్రభువు మొదట చెయ్యి వేసినప్పుడు అతనికి మనుషులు చెట్లలా కనిపించారు. నీకు విశ్వాసం చాలదని ప్రభువు అతణ్ణి గద్దించలేదు. రెండోసారి చెయ్యి వేశాడు. అప్పుడు తేటగా చూశాడు. ఆ రోజు కన్ను రెండు విడతల్లో బాగుపడింది. లివరు నెలల మీద బాగుపడినా అది దేవుని స్వస్థతే.

కాబట్టి మన సంఘంలో ఇలా చేద్దామని మా అభిప్రాయం. మానాలనుకున్నవారిని ముందు ప్రార్థించి, వెంటనే డాక్టరు దగ్గరకు మనమే తీసుకెళ్దాం. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. వారితో ఉపవాసాలు చేయించొద్దు, ఆ ఒంటికి తిండి కావాలి. ఏడాది నిండేదాకా సాక్ష్యం చెప్పించొద్దు. జనం ముందు చెప్పినవాడు జారిపడితే సిగ్గుతో గుడికే రాడు. జారిపడ్డవారి గుమ్మం ముందుగా మనమే తొక్కుదాం. సాయంత్రం ఆరింటికి, కాళ్లు దుకాణం వైపు లాగే వేళకు, ఎవరో ఒకరం వెళ్లి టీ తాగుతూ వాళ్లరుగు మీద కూర్చుందాం.

ఆ సహోదరుడు ఇప్పటికీ పరీక్షలకు వెళ్తున్నాడు. సాక్ష్యం ఇంతవరకూ చెప్పలేదు. ఆదివారం అందరికంటే ముందొచ్చి చాపలు పరుస్తున్నాడు. మేమేమీ అడగలేదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి వారుంటే ఈ వారమే వెళ్లండి. పోయినసారి వెళ్లి విసిగిపోయి వచ్చేసినా సరే, రెండోసారి వెళ్లండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.