పడుగులో పోయిన పోగు

"ఇంకో నలభై మాడ్‌లు ఎక్కిస్తే ఈ ఆట బ్రహ్మాండంగా ఉంటుంది మ్మా!" అన్నాడు మా అబ్బాయి, రాత్రి పదకొండు దాటాక.

ధర్మవరంలో కాపురముంటూ ఈ మాట వినాల్సి వచ్చినందుకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కోపమూ వచ్చింది.

తెలియనివారి కోసం ఒక్క ముక్క. కొండలూ, కోటలూ, మంత్రగాళ్లూ ఉన్న మాయాలోకంలో మనమే వీరుడి వేషం కట్టి, ఎటు బుద్ధి పుడితే అటు తిరిగే కంప్యూటర్ ఆటలున్నాయి. వాటికి ఆడేవాళ్లే తయారుచేసి, చాలామటుకు ఉచితంగా పంచుకునే మార్పులూ చేర్పులే మాడ్‌లు. ఆట బాగులేకపోయినా ఫరవాలేదు, మాడ్‌లు బాగుచేస్తాయని మావాడి సిద్ధాంతం. వాడొక్కడిదే కాదు, లోకంలో చాలామందిది.

నేను ఒప్పుకోను.

ముందు వాళ్ల పక్షం చెప్పడం ధర్మం. 2006లో వచ్చిన గోథిక్ 3 తప్పుల తడక. అభిమానులే కూడబలుక్కుని, ఏళ్ల తరబడి శ్రమపడి, దాన్ని ఆడదగ్గ ఆటగా చేశారు. 2011 నాటి స్కైరిమ్‌లోనూ కంపెనీ వదిలేసిన తప్పుల్ని ఎన్నింటినో అభిమానులే దిద్దారు. చేతులెత్తి దండం పెట్టాల్సిన పనే.

కానీ ఏం దిద్దారు? మా ఊళ్లో పట్టుచీరలు చూసేవాళ్లనడగండి. పేకలో చిన్న లోపముంటే రఫ్ఫు చేసుకోవచ్చు. కొంగుకి కుచ్చులు కట్టించి ముచ్చట తీర్చుకోవచ్చు. పడుగులో పోగు పోతే మాత్రం ఆ గీత చీర పొడవునా కనిపిస్తూనే ఉంటుంది. ఆటకి పడుగు కథ. రాజుని చంపినా, కాపాడినా ఊరి జనం నిన్నటి మాటే చిలకల్లా వల్లిస్తుంటే, వాళ్ల ముఖాలకి మెరుగులు దిద్ది, గడ్డికి పచ్చదనం పులిమి ఏం లాభం? నా నవల ఒకటి పదో ప్రకరణంలో ప్రాణం విడిస్తే, వర్ణనలు చేర్చి బతికించాలని చూశాను. బతకలేదు.

"మాయాబజార్ సంగతేంది మరి?" అని మావాడు నన్నే ఇరుకున పెట్టాడు. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్లి లేదు. అది తర్వాతివాళ్లు చేర్చుకున్న కథే. 1957లో సినిమాగా మనందరి సొత్తయింది. అదీ మాడే కదా!

నిజమే నాయనా. కానీ భారతం చెడిపోయిందని చేసిన మరమ్మతు కాదది. ఇల్లు గట్టిది కనుక మరో పందిరిని మోసింది. కథ నిజంగా బాగున్న మాడ్ మాత్రం ఎంతకాలం ఒకరి పంచన ఉంటుంది? స్కైరిమ్‌కి చేర్పుగా పుట్టిన 'ద ఫర్‌గాటెన్ సిటీ' 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం బహుమతి అందుకుని, 2021లో విడి ఆటగా సొంత మగ్గం పెట్టుకుంది.

అసలు నా కోపం వేరు. ఇక్కడ చీరలో లోపం కనిపిస్తే నేసినవాడి కూలిలో కోత. అక్కడ లోపాలతో అమ్మినవాడికి పూర్తి ధర, దిద్దినవాడికి ఒట్టి దండం! 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ మాడ్‌లకి ధర పెట్టి అమ్మబోయారు. తయారుచేసినవాడి వాటా పావలా వంతు. ఆడేవాళ్లు గోల పెడితే నాలుగు రోజుల్లో ఎత్తేశారు.

"సర్దుకుపోమ్మా" అన్న మాట చిన్నప్పటినుంచీ విని పెరిగినదాన్ని. మనం సర్దుకుపోయినంతకాలం ఎదుటివాడు దిద్దుకోడు. డబ్బిచ్చి కొన్నవాళ్లే రాత్రింబగళ్లు మరమ్మతు చేస్తుంటే, అమ్మేవాడికి పడుగు సరిచూసుకునే అవసరమేముంది?

ఇదంతా మావాడు బుద్ధిగా విన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే మ్మా. ఈ ఒక్కటీ ఎక్కించి పడుకుంటా" అన్నాడు.