తల్లి కంచం మీద విచారణ

బిడ్డకు మూడేళ్లు నిండినా మాట రాలేదు, పిలిస్తే పలకడు. చిత్తూరు జిల్లా పల్లెల్లో అప్పుడు తరచుగా వినిపించే ప్రశ్న: "కడుపుతో వున్నప్పుడు తల్లి యేం తిన్నది?" అత్తగారు బొప్పాయి పేరు చెబుతుంది. తిరుపతిలో చదువుకున్న బంధువు మెదడులో శోథ, పేగుల్లో సూక్ష్మజీవులు అంటాడు. ఇద్దరికీ ముద్దాయి తల్లే.

యీ విచారణ కొత్తది కాదు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. 1967లో బెట్టెల్‌హైమ్ గ్రంథం నేరాన్ని ప్రేమలేని తల్లులపై మోపింది. ఆటిజం గల బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఆ వాదాన్ని ఖండించి వున్నాడు. 1977లో కవలలపై జరిగిన పరిశోధన వంశానుగత కారణాల బలాన్ని చూపింది.

అయితే పరిసరాలకు పాత్ర లేదా? వుండవచ్చును. మరణించిన 11 మంది ఆటిజం వ్యక్తుల మెదళ్లలో శోథ లక్షణాలను జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2005లో చూపారు. అది కారణమో ఫలితమో ఆ పరీక్ష తేల్చలేదు. 2013లో నార్వేలో 85 వేల మంది పిల్లల లెక్క తీస్తే, గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకున్న తల్లుల బిడ్డలలో ఆటిజం తక్కువగా కనిపించింది. 2014 నాటి కాలిఫోర్నియా పరిశోధనలో, పురుగుమందులు చల్లే పొలాల సమీపాన నివసించిన గర్భిణుల బిడ్డలలో అది అధికంగా కనిపించింది. ఇవి సంబంధాలు మాత్రమే, తీర్పులు కావు.

కాని యిందులో తల్లి చేతిలో వున్నదెంత? పక్క మామిడితోటలో మందు కొట్టవద్దని ఆమె శాసించగలదా? ఫోలిక్ మాత్ర గర్భానికి ముందే అందాలి. మన వ్యవస్థ గర్భిణిగా పేరు నమోదైన తరువాతనే సాధారణంగా ఆమెను పలకరిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులు. సంగటి ముద్ద, పచ్చడితో పొద్దు గడిపే కూలి తల్లికి సమతులాహారం బోధించడం పరిహాసం. 2017 చట్టసవరణ యిచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు టమాటా తోటలో కాయలు కోసే స్త్రీకి వర్తించదు.

మన మిత్రులకు కూడా వొక మాట. "యిదంతా కంపెనీల విషమే" అని రుజువు లేకుండా తేల్చడం అభ్యుదయం కాదు. 1998లో టీకాకూ ఆటిజానికీ సంబంధం వుండవచ్చునని సూచించిన వ్యాసం వెలువడింది; 2010లో ఆ పత్రికే దానిని ఉపసంహరించుకున్నది. ఆ భయం మూలాన తల్లులు దూరంగా పెట్టిన టీకాలో రుబెల్లా మందు వుంది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ మెదడుకు కలిగే హాని మాత్రం సందేహం లేనిది. అందులో ఆటిజం కూడా వున్నదని 1971లో స్టెల్లా చెస్ చూపింది. అబద్ధపు భయం అసలు ప్రమాదానికి తలుపు తెరిచింది.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా వుండాలి. ప్రతి యువతికీ గర్భానికి ముందే ఫోలిక్ మాత్ర, రుబెల్లా టీకా. వ్యవసాయ కూలి స్త్రీకి వేతనంతో ప్రసూతి విశ్రాంతి. యిళ్ల పక్కన పురుగుమందు చల్లడంపై అదుపు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఆ గుర్తింపు కాగితం దిగి మండలం బడిలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుని రూపంలో బిడ్డ పక్కన కూర్చోవాలి.

ఆ బిడ్డ యిప్పటికే పుట్టివున్నాడు. కారణాల అన్వేషణ పరిశోధకులు సాగిస్తారు. బిడ్డకు చదువు, తల్లికి పని, తిండి, గౌరవం యీ లోపలే అందాలి. తల్లి కంచాన్ని సోదా చేసేవారు ముందు ఆ కంచంలో పప్పు, గుడ్డు వడ్డించి మాట్లాడాలి.