దయగల యజమాని కట్టిన ఊరట!

మిల్లు ఊళ్ల చరిత్ర అనగానే యజమాని దయతో మొదలుపెడతారు. ఇంగ్లండులోని చెషైర్ పల్లెల్లో, బొలిన్ నది ఒడ్డున 1784లో శామ్యూల్ గ్రెగ్ క్వారీ బ్యాంక్ పత్తి మిల్లు పెట్టాడు. చక్రం తిప్పడానికి ఏటి నీళ్లున్నాయి, సరే. యంత్రాల దగ్గర నిలబడేదెవరు? పేదల ఆశ్రమాల నుంచి పిల్లల్ని తెచ్చాడు. వాళ్లను ఉంచడానికి 1790లో అప్రెంటిస్ హౌస్ కట్టాడు. తిండి, బట్ట, పడక, కాస్త చదువు. అదనపు గంటలకి చిల్లర తప్ప కూలి లేదు. దీన్నే దయ అన్నారు. మన దొరలు కూడా వెట్టివాళ్లని "తిండి పెట్టి సాకాం" అనలేదా!

1806లో జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు కుర్రాళ్లు పారిపోయి లండన్ చేరారు. ప్రీస్ట్‌లీ వేలు యంత్రంలో తెగిపోయింది. ఆ పుండు మానుతుండగానే, అమ్మల్ని చూడాలని బయల్దేరారు. మేజిస్ట్రేట్ల ముందు వాళ్లు చెప్పిన మాటలు రికార్డుల్లో ఉన్నాయి. మిత్రులారా, మిల్లు చరిత్ర అక్కణ్నుంచి ఎందుకు మొదలుకాదు?

ఇదే గ్రెగ్‌కి డొమినికాలో బానిసలు పనిచేసే తోట ఉంది. మిల్లు పుస్తకంలో దాన్నొక పక్క సంగతిగా తోసేస్తారు. రెండూ ఒకే ఇంటి పద్దు! 1833లో బానిసత్వ రద్దు చట్టం వచ్చింది. బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది, యజమానులకి. గ్రెగ్ కుటుంబమూ తన వాటా తీసుకుంది. తోటలో చెమటోడ్చినవాళ్లకి? ఒక్క పెన్నీ లేదు.