ఇంటి మాటే బస్సులో

మొన్న మనవడితో హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో వెళ్ళాను. సుమారు 50 కిలోమీటర్ల దారి. మామిడిపండ్ల బుట్ట జరుపుకుంటున్న ఒక పెద్దావిడతో ఎనిమిదేళ్ళ మా వాడు, "ఏయ్ ముసలీ, కళ్ళు కనబడవా?" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కాసేపటికి కండక్టరుతో అదే పిల్లవాడు, "సార్, చిల్లర కుడుంగ" అన్నాడు, ఎంతో వినయంగా!

2006 నాటి చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం విడతలవారీగా తప్పనిసరి అయింది. మన బాధలు మనకున్నాయి, అది వేరే సంగతి. తమిళంలో మర్యాద మాత్రం వాడికి బడి నేర్పుతోంది. తెలుగు వాడు వినేది ఇంట్లోనే. అంటే మా నోటి నుంచే.

వాణ్ణి గదమాయించబోయి ఆగిపోయాను. కిందటి వారం ఆకుకూరలామెతో నేనన్న మాట అది. "ఏయ్ ముసలీ, కళ్ళు కనబడవా? ఇది కట్టేనా?" వాడప్పుడు అరుగు మీదే ఉన్నాడు. రాగం కూడా నాదే.

పెద్దావిడకు క్షమాపణ చెప్పుకున్నాను. "పసివాడు, పోనీ సామీ" అంది.

మర్నాడు ఆకుకూరలామె వచ్చింది. వాణ్ణి పక్కన నిలబెట్టుకుని, "ఏమ్మా, కట్ట ఎంత?" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలిచాననుకుని.