ఇంటర్ తర్వాత దారి లేని పిల్లలు

రాజోలులో ఇంటర్ పాసైన పిల్లను డిగ్రీలో చేర్చాలంటే ఇంట్లోవాళ్ళు ముందు సర్దేది కాగితాలే. మార్కుల జాబితా, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్. అన్నీ ఉన్నా సచివాలయం చుట్టూ తిరగక తప్పదు. మరి ఏ దేశమూ తన పౌరుడని ఒప్పుకోని పిల్లవాడు ఏ కాగితం చూపించాలి?

హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. 1982 పౌరసత్వ చట్టంతో బర్మా వీళ్ళను పరాయివాళ్ళను చేసింది. 2012లో అక్కడ జరిగిన అల్లర్ల తర్వాత సిత్వే విశ్వవిద్యాలయం తలుపులూ మూసేసింది. ఇక్కడ వీళ్ళ చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, శరణార్థులకంటూ చట్టమూ లేదు. అందుకే ఆ కార్డుకు కాలేజీలో విలువ అంతంతమాత్రం.

చిన్న క్లాసుల్లో కొంత నయం. రోహింగ్యా పిల్లలు ముందు ప్రభుత్వ బడులకే వెళ్ళి అడగాలని, కాదంటే హైకోర్టుకు రావచ్చని 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళతో ఆగిపోతుంది. ఆపైన తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారానే. అక్కడ ఆధార్ లేనిదే రిజిస్ట్రేషన్ ముందుకు కదలడం కష్టం. పోనీ విదేశీ విద్యార్థిగా చేరదామంటే పాస్‌పోర్టు, స్టూడెంట్ వీసా కావాలి. తరిమేసిన దేశం పాస్‌పోర్టు ఎలా ఇస్తుంది?

గోదావరి జిల్లాల వాళ్ళకు ఇది పరాయి బాధ కాదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మన తాతలు బర్మాలోని రంగం (రంగూన్) వెళ్ళారు. 1942లో జపాను దాడులకు జడిసి అడవుల వెంట నడిచొచ్చారు, దారిలో వేలమంది పోయారు. 1962లో నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, ఆస్తులు వదులుకుని మళ్ళీ ఓడలెక్కారు. అప్పుడు ఈ దేశం వాళ్ళను అక్కున చేర్చుకుంది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది. 1969లో వాళ్ళకోసం రెప్కో బ్యాంకు పుట్టింది. 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి వచ్చినవాళ్ళకు కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు ఇచ్చారు. వాళ్ళు భారత సంతతి, నిజమే, న్యాయపరంగా ఆ తేడా పెద్దదే. కానీ పిల్లవాడి చదువు విషయంలో ఆ తేడా అంత దూరం వెళ్ళాలా?

రాష్ట్రం తలుచుకుంటే ఏం చేయొచ్చో పక్కనే ఉన్న తమిళనాడు చూపించింది. భారత పౌరసత్వం లేని శ్రీలంక తమిళ శరణార్థుల పిల్లలకు కాలేజీ చదువు సాయాన్ని 2021లో పెంచింది. ప్రపంచమంతా కలిపి చూసినా శరణార్థి యువతలో ఉన్నత విద్యకు చేరేది నూటికి పదిమంది లోపే. 2030కి దాన్ని పదిహేనుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం.

మన పిల్లలకే సీట్లు లేవు కదా అనేవారున్నారు. దోస్త్‌లో ఏటా లక్షకు పైగా సీట్లు ఖాళీగా మిగులుతున్నాయి. ఎవరి సీటూ లాక్కోనక్కర్లేదు. పైగా దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునేల మీదే మొదలైంది, ఇప్పుడది హైదరాబాద్‌లో అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. శరణార్థి కార్డును గుర్తింపుగా తీసుకుని, స్థానిక ఫీజుకే అక్కడ చేర్చుకోవాలని తెలంగాణ ప్రభుత్వం ఈ విద్యా సంవత్సరమే ఉత్తర్వు ఇవ్వాలి.